శుక్రవారం నడిచిన ట్యాంకు

మా అపార్టుమెంటులో కింది ఫ్లాటువాళ్ళు బాల్కనీకి ఇనుప గ్రిల్లు పెట్టించుకుంటున్నారు. బెంజ్ సర్కిల్ పొగనీ, పక్క హోటల్ తాలింపునీ దాటుకుని కాలిన ఇనుము వాసన పొద్దున్నుంచీ పైకి వస్తోంది. ఇంట్లో అందరూ కిటికీలు మూసుకుంటుంటే నేను మాత్రం ఒకటి తెరుచుకుని నిలబడ్డాను. నా బాల్యం మల్లెపూల వాసన వేసేదని చెప్పుకుంటే బాగానే ఉంటుంది గానీ, అబద్ధమెందుకు, నాది వెల్డింగు వాసన.

డెబ్భైలలో మేం బందరు రోడ్డుకి దగ్గర్లో, లారీలకు బాడీలు కట్టే షెడ్లున్న వీధిలో ఉండేవాళ్ళం. నాన్న రేడియోలు బాగుచేసేవాడు. కోతలయ్యాక పామర్రు వైపు రైతులు తువ్వాళ్ళలో చుట్టుకుని తెచ్చిన రేడియోలతో మా వసారా నిండిపోయి, అమ్మకి బియ్యం చెరగడానికి కూడా చోటుండేది కాదు. ఎదురిల్లు మస్తాన్ బాబాయ్‌ది, దాని పక్కనే ఆయన షెడ్డు. ఎంత పెద్ద లారీ వచ్చినా కాగితం మీద ఒక్క గీత గీయకుండా, జానలతో, బెత్తెలతో, సుద్ద పూసిన దారంతో కొలిచి, చుట్టూ నాలుగుసార్లు తిరిగి, నెలలో బాడీ కట్టి పంపేసేవాడు. క్రిస్మస్‌కి మా ఇంటినుంచి అరిసెలూ కజ్జికాయలూ వాళ్ళింటికి వెళ్ళేవి. రంజానుకి వాళ్ళింటినుంచి వచ్చే సేమ్యా పాయసంలో జీడిపప్పంతా నా గిన్నెలోనే ఉండేది.

ఆ ఇంటి వసారాలో నవారు మంచం మీద ఆయన తమ్ముడు ఖాదర్ బాబాయ్ పడుకుని ఉండేవాడు. సైన్యంలో ట్యాంకు నడిపేవాడట. యుద్ధంలో కుడికాలు మోకాలి దాకా పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి రావడమే తప్ప వీధిలోకి అడుగుపెట్టేవాడు కాదు, పలకరిస్తే పలికేవాడు కాదు. ఆస్పత్రిలో ఇచ్చిన చంకకర్రలు మేకుకి వేలాడుతూ బూజు పట్టిపోయాయి. అమ్మ గుణదల కొండెక్కి అతని పేరు మీద కొవ్వొత్తులు వెలిగించి వచ్చింది, వాళ్ళమ్మ దర్గాలో చాదర్ కప్పి వచ్చింది. ఏడాది దాటినా అతను ముఖం గోడవైపే పెట్టుకున్నాడు.

ఒక సాయంత్రం మస్తాన్ బాబాయ్ మా వసారాలో రేడియోల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు.

"రత్నంగారూ, నేనో ట్యాంకు చేస్తానండీ. ఇనుంతోనే. మీరు దానికి వైర్‌లెస్ పెట్టాల. మావోడు మళ్ళీ నడపాలండీ, మంచం మీంచి నడిపినా సరే."

నాన్న వేళాకోళం అనుకున్నాడు. మర్నాడు షెడ్డులో నేలమీద సుద్దతో గీసిన, నా ఎత్తు పొడుగున్న ట్యాంకుని చూశాక వేళాకోళం కాదని తెలిసింది.

ఆ ఎండాకాలమంతా నేను షెడ్డులోనే ఉన్నాను. లారీల రేకు ముక్కలతో ఒళ్ళు తయారైంది, పాత సైకిల్ పంపు ఫిరంగి గొట్టమైంది. వైపర్లు తిప్పే మోటార్లు రెండు, ఒక్కో పక్క పట్టాకి ఒకటి. పట్టాలంటే సైకిల్ చైన్లమీద బిగించిన ఇనుప పలకలు, ఆ పలకల అంచులు ఆకురాయితో నునుపు చేసే ఉద్యోగం నాది. వేళ్ళు బొబ్బలెక్కినా అమ్మకి చూపించలేదు. బిస్కెట్ల డబ్బాలో నాన్న రిసీవరు కట్టాడు. చేతిలో పట్టుకునే పెట్టెకి రెండు మీటలు, రెండూ నొక్కితే బండి ముందుకి, ఒకటి వదిలితే ఆ పక్కకి.

చక్రాలు పెట్టే రోజున మంచం మీంచి ఒక గొంతు వినబడింది. మేమంతా ఉలిక్కిపడ్డాం.

"భాయ్, మొదటి చక్రానికీ రెండోదానికీ మధ్య సందు ఎక్కువుంటది. అట్టా వరసగా పెట్టేస్తే ఎట్టా?"

మస్తాన్ బాబాయ్ వెంటనే చక్రాలు ఊడదీశాడు. ఆ తర్వాత రోజుకో తప్పు చేయసాగాడు, మంచం మీంచి రోజుకో తిట్టు తింటూ. లారీ బాడీలో దారమంత తేడా రానివ్వని మనిషి అన్ని తప్పులెలా చేశాడో పెద్దయ్యాక గానీ నాకు వెలగలేదు. ఎంత గొప్ప పనివాడో అప్పుడే తెలిసింది.

బండిని నడిపి చూసుకోవడం మాత్రం ఎప్పుడూ శుక్రవారం మధ్యాహ్నమే. నమాజుకని వీధిలో షెడ్లన్నీ మూసేసేవారు, సుత్తి చప్పుడుగానీ మోటారు రొదగానీ లేక, మా పెరట్లో కోడి కూత కూడా షెడ్డులోకి వినిపించేది. మస్తాన్ బాబాయ్ మసీదు నుంచి రాగానే, మిగతావాళ్ళు భోజనాలు ముగించి షెడ్లు తెరిచేలోపు, నాన్న మీటలు నొక్కేవాడు. ప్రతి శుక్రవారం బండి చెప్పినమాట వినేది.

రంగు ఆరిన రోజు బుధవారం. ఇంక శుక్రవారం దాకా ఆగడం తన వల్ల కాదన్నాడు మస్తాన్ బాబాయ్. ట్యాంకుని నలుగురు మోసుకొచ్చి మంచం ఎదురుగా వీధిలో దించారు. పెట్టె చేతికివ్వబోతే ఖాదర్ బాబాయ్ ముఖం తిప్పుకున్నాడు.

"బొమ్మలాడుకునే వయసా నాది? ఆ పిల్లకియ్యి."

మస్తాన్ బాబాయ్ ముఖం చిన్నబోయింది. పెట్టె నా చేతికొచ్చింది. రెండు మీటలూ నొక్కాను, ట్యాంకు కదిలింది, వీధంతా ఈలలు. వదిలేశాను. ఆగలేదు. రోడ్డు పక్కన నా నడుం లోతున్న మురుగుకాలవ వైపు గరగరమంటూ పోతోంది. నాన్న పెట్టె లాక్కుని నొక్కాడు, వదిలాడు, కొట్టాడు. అది కాస్త ఆగి, మళ్ళీ పోతోంది. నావల్లే పాడైందని ఏడుపు తన్నుకొచ్చింది.

"వెల్డింగ్ ఆపండ్రా!"

అరిచింది ఖాదర్ బాబాయ్. మా ఇంటి పక్క షెడ్డులో వెల్డింగు మెరుపు ఆగినప్పుడల్లా ట్యాంకు ఆగడం, మెరవగానే కదలడం ఆ మంచం మీంచి అతనొక్కడే చూశాడు. సుత్తుల మోతలో వెల్డరుకి ఏమీ వినబడలేదు. మరుక్షణం మేకుకున్న చంకకర్రలు అతని చంకల్లో ఉన్నాయి. లుంగీ ఎగ్గట్టి, పడబోయి నిలదొక్కుకుని, వీధి అడ్డంగా దాటి, వెల్డరు ముఖానికి అడ్డం పెట్టుకున్న నల్లద్దాన్ని కర్రతో టపటపా కొట్టాడు. మెరుపు ఆగింది. ట్యాంకు కాలవకి రెండు జానల దూరంలో నిలబడింది.

ఎవరూ ట్యాంకు వంక చూడలేదు. నడివీధిలో ఎండలో రొప్పుతూ నిలబడ్డ మనిషినే చూశాం. మస్తాన్ బాబాయ్ ఉన్నచోటే కూలబడి ఏడ్చేశాడు.

"నీ తప్పేం లేదమ్మా," అన్నాడు ఖాదర్ బాబాయ్ నాతో. "ఆ మెరుపుకి వైర్‌లెస్ పిచ్చెక్కింది. ఇటియ్యి పెట్టె."

ఆ లోపం సరిచేయాలని నాన్న చాలా తంటాలు పడ్డాడు, కుదరలేదు. ఇంక కుదరక్కర్లేదన్నారు అందరూ. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పెట్టె మెడలో వేసుకుని, చంకకర్రల మీద ఖాదర్ బాబాయ్ ట్యాంకు వెనకే వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు. మిగతా రోజుల్లో నాన్న పక్కన కూర్చుని రేడియో పని నేర్చుకున్నాడు.

అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు లేరు, నాన్నా లేడు. ట్యాంకు తుప్పుపట్టి పాత ఇనుములోకి పోయింది. నేను అరగదీసిన పలక ఒకటి నా బీరువాలో ఉంది, ఇందాక తీసి అంచు తడిమి చూశాను, ఇంకా నునుపుగానే ఉంది.

ఇవాళ శుక్రవారం. గడియారంలో రెండయింది. కింద వెల్డింగు ఆగలేదు, ఎదురు బిల్డింగులో డ్రిల్లింగు ఆగలేదు. ఆ ట్యాంకు ఈరోజు నా చేతికొచ్చినా, దాన్ని నడపడానికి ఈ ఊళ్ళో ఒక్క గంట దొరకదు.