ఉయ్యూరు దారిలో నాలుగు డబుల్ బేస్‌లు

మా బృందంలో ఉన్నది నలుగురం, నలుగురమూ డబుల్ బేస్ వాయిస్తాం. చూడటానికి వయొలిన్‌లాగే ఉంటుంది గానీ మనిషికంటే ఎత్తు, నిలబడి వాయించాలి. పెద్ద బృందాల్లో ఎప్పుడూ వెనక వరసే దాని చోటు. "అన్నీ అవే అయితే ఇంక కచేరీ ఏంటండీ?" అన్నవాళ్లే ఎక్కువ. గుణదలలో మా సాధన విన్న ఒక లెక్చరర్ గారు మాత్రం ఉయ్యూరులో వాళ్ల కాలేజీకి రమ్మన్నారు. అదే మా మొదటి కచేరీ.

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద ఉయ్యూరు గంట ప్రయాణం. బస్సులు వెంటవెంటనే ఉంటాయి గానీ మా వాద్యాలు బస్సులోనూ ఎక్కవు, కార్లోనూ పట్టవు. పదిహేను వందలకి నేనే ఒక ట్రాలీ ఆటో మాట్లాడాను. మాలో పెద్దవారైన ప్రసాద్ గారికి అది నచ్చలేదు. "సొంత అన్నదమ్ముల్ని కూడా దీని మీద చెయ్యి వెయ్యనివ్వలేదమ్మా నేను" అంటూనే తాళ్లు బిగించారు. మధ్యాహ్నం బయలుదేరాం. వెనక మేం కార్లో వస్తున్నాం. బెంజ్ సర్కిల్ దగ్గర రద్దీలో ఆటో కనుమరుగైంది.

పెనమలూరు దాటినా కనిపించలేదు. డ్రైవర్ శ్రీనుకి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. కంకిపాడు తర్వాత చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ప్రతి ట్రాక్టర్ పక్కనుంచీ మెడ చాచి చూశాను. ఉయ్యూరు చేరేసరికి కాలేజీ గేటు దగ్గర లెక్చరర్ గారు ఒక్కరే నిలబడి ఉన్నారు. ఆటో రాలేదు. హాల్లో పిల్లలు కూర్చుంటున్నారు. ప్రసాద్ గారు గేటు బయటికెళ్లి రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డారు. నన్ను తిట్టినా బాగుండేదనిపించింది.

కచేరీ మొదలవ్వాల్సిన వేళ దాటాక ఆటో నత్తనడకన లోపలికొచ్చింది. ట్రాలీ నిండా ఎండుగడ్డి!

"ఫోనెత్తవేంటయ్యా?" అని అరిచాను.

"సౌండు వినపళ్లేదండి. గతుకు పడ్డప్పుడల్లా లోపలేదో మూలుగుతుంది మేడమ్ గారూ. పగిలిపోతందేమోనని భయమేసి, పొలంలో రైతుని బతిమాలి గడ్డేయించుకున్నానండి. అక్కణ్ణించి మెల్లగా తెచ్చాను. ముందు విప్పి చూడండి."

గడ్డి తోసేసి ప్రసాద్ గారి వాద్యం సంచి విప్పాను. పగుళ్లు లేవు. ఆయన అన్నిటికంటే లావు తీగని వేలితో మీటారు. ఆ మంద్రస్వరం కాళ్ల కింద నేలదాకా పాకింది.

"ఆఁ! అదేనండీ, దారంతా మూలిగింది!" అన్నాడు శ్రీను.

ప్రసాద్ గారు గట్టిగా నవ్వేశారు. శ్రీనుని తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టారు. రెండో పాటకి హాలంతా నిశ్శబ్దమైంది. నాలుగు బేస్‌లూ కలిసి అడుగు స్వరంలో ఆగినప్పుడు కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. పిల్లలు ముందు అద్దాలవైపు, తర్వాత మావైపు చూశారు.

ప్రాణంగా చూసుకునేదాన్ని ఎవరి చేతికైనా అప్పగించాక, అది కళ్లపడేదాకా మనసు చెడ్డదే ఊహిస్తుంది. ఆ దారంతా నేను శ్రీనుని దొంగని చేశాను, తాగుబోతుని చేశాను. అతనేమో పొలంగట్టున నిలబడి మా వాద్యాల కోసం గడ్డి అడుక్కుంటున్నాడు. మీరూ పెద్ద వాద్యాలతో ఇటు వచ్చేట్టయితే ఒక్కటి చెయ్యండి: మీలో ఒకరు ఆటోలో డ్రైవర్ పక్కనే కూర్చోండి. ఆ మూలుగు తీగలదేనని చెప్పడానికి మనిషుండాలి.