బొమ్మక్క రాయని అక్షరం

విరుదునగర్‌లో సాయంత్రం పూట నూనె పరోటాకు జనం ఆకలితో వస్తారనుకుంటాం గానీ, బొమ్మక్క కొట్టుకు సగం మంది బోర్డు చదవడానికే వచ్చేవాళ్ళు. సుద్దముక్కతో ఆమె రాసే తమిళ అక్షరాలు బడిలో వరుస కట్టిన పిల్లల్లా ఉండవు. సంత నుంచి కబుర్లాడుకుంటూ ఇంటికి పోయే జనంలా ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా, అన్నీ కుడిపక్కకు కాస్త ఒరిగి నడుస్తాయి. ఊళ్ళు తిరిగేవాడికి ఎన్నో రాతలు కనిపిస్తాయి. లారీ వెనకది ఒక తీరు, గుడి గోడది ఒక తీరు. మనిషిని పలకరించే రాత మాత్రం అరుదు.

అలా రాసే కుడిచెయ్యే పక్షవాతంతో పడిపోయింది. నడక తిరిగి వచ్చింది, మాట వచ్చింది, చెయ్యి రాలేదు. ఎడమచేత్తో రాసి చూడమని డాక్టరు చెబితే బొమ్మక్క మొహం తిప్పుకుంది. ఇక బోర్డు భర్త చెల్లసామి చేతికొచ్చింది.

"ఏమి మామా, ఎండ్రకాయ పాకినట్ల ఉండాదే! ఇది ఆమ్లెట్టా, అడ్రస్సా?" అన్నాడు రోజూ వచ్చే డ్రైవరొకడు. అందరూ నవ్వారు. బొమ్మక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె అన్న కూతురు సంగవి కోవిల్‌పట్టిలో శుభలేఖల ప్రెస్సులో కంప్యూటర్ మీద పనిచేస్తుంది. ఫోనులోని పాత బోర్డు ఫొటోల నుంచి ఒక్కో అక్షరాన్నీ కత్తిరించి ఫాంటు కట్టింది. ఒకే అక్షరం మళ్ళీ వచ్చినా అచ్చుగుద్దినట్టు ఉండకూడదని మూడేసి రూపాలు పెట్టింది.

"అత్తా, ఇది నీ కైయెళుత్తే, నీ చేతిరాతే. ఎడమ బొటనవేలితో కొట్టినా నీ రాతే వస్తాది. పార్సెల్ స్టిక్కరుకు, బోర్డుకు బాగుంటాది. పొడుగ్గా కథ రాస్తే మాత్రం చదివేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి."

"చెయ్యి ఈడుండాది, రాత ఆడుండాదా?" అంది బొమ్మక్క.

"ఒకటే కొరత. పాత బోర్డుల్లో యాడా 'ఞ' దొరకలా."

భార్య చేతికి వ్యాయామం చేయించడానికి ఆదివారాలు కొట్టు మూసి, ఆ సంగతి బోర్డు మీద పెట్టాలని చెల్లసామి అనుకున్నాడు. తమిళంలో ఆదివారం 'ఞాయిరు'. కొట్టు పెట్టిన నాటి నుంచీ బొమ్మక్క ఒక్క ఆదివారమూ మూయలేదు. ఆ మాట బోర్డెక్కే అవసరమే రాలేదు.

"వేరే ఎవురిదన్నా అంటించు," అంది బొమ్మక్క.

"పెండ్లికొడుక్కు అరువు చొక్కా మాదిరి ఉంటాదత్తా."

"నేను రాయనా?" అన్నాడు చెల్లసామి.

"నువ్వా? పోయి పరోటా కాల్చు సామీ!" అంటూ బొమ్మక్క ఎడమచేత్తో పెన్ను లాక్కుంది.

పెన్ను జారింది. కాగితం జరిగింది. సంగవి కాగితాన్ని అదిమి పట్టింది. ఎన్నో చెడగొట్టాక, వణుకుతూ ఒక 'ఞ' నిలబడింది. సంగవి దాని వణుకు దిద్దకుండా అలాగే ఫాంటులో చేర్చి, ఆదివారం సెలవని అచ్చు తీసి తెచ్చింది.

బొమ్మక్క దాన్ని వెలుగుకు పట్టి చూసింది. "ఈ ఒక్కటి ముసిల్ది, తక్కినవన్నీ వయసు పిల్లలు. పాపం, దానికి జత లేదు."

"మార్చేదా అత్తా?"

"దాన్నెందుకు మారుస్తావు? ఇంగో కాగితం ఇయ్యి. 'అ' నుంచి రాస్తా."

ఎడమచేతి 'అ' ఎడమపక్కకే వాలింది. బొమ్మక్క దాన్ని కొట్టెయ్యలేదు. పక్కనే 'ఆ' మొదలుపెట్టింది.