క్రిస్మస్ కార్డు వెనక నా ఘనత

దేవదానానికి ఉన్నది ఒక్కటే పిచ్చి. కనిపించినవాళ్లకల్లా బిరుదులిచ్చేవాడు. 1961లో హనుమకొండలో ఒక మిషన్ హాస్టల్లో ఉండి మేమిద్దరం పి.యు.సి. చదివాం. హసన్‌పర్తి నుంచి వచ్చేటప్పుడు అతను చొక్కాలు రెండే తెచ్చుకున్నాడు గానీ సిరాబుడ్లు మాత్రం మూడు తెచ్చుకున్నాడు.

మిషన్‌కు విదేశాల నుంచి పాత క్రిస్మస్ కార్డులు మూటలుగా వచ్చేవి. సండే స్కూలు పిల్లలకు పంచగా మిగిలినవి దేవదానం పాలు. వెనక ఎవరో ఎవరికో రాసుకున్న శుభాకాంక్షల మీద తెల్లకాగితం అతికించి, దాని మీద బిరుదు రాసేవాడు. ఒకవైపు మంచు బొమ్మ, ఇంకోవైపు మన ఘనత. ఆదివారం మధ్యాహ్నం అన్నానికి ముందు బెంచీ ఎక్కి అందరికీ చదివి వినిపించేవాడు. ఆ సంగతి కళ్లారా చూసినవాళ్లు కింద సంతకం పెట్టాలి. చూడనివాళ్లు పెట్టకూడదు. ఈ నియమం దగ్గర మాత్రం మహా మొండివాడు.

వంట చేసే పూలమ్మకు 'ఆఖరివాడికీ కూర మిగిల్చే తల్లి' అని ఇచ్చాడు. రిక్షా యాకయ్యకు 'ఎత్తు గడ్డ ఎక్కేటప్పుడు దిగమననివాడు' అని ఇచ్చాడు. వార్డెన్ సుందర్ రావు గారికి 'కొట్టబోయి, కళ్లద్దాలు తీసేలోపు కోపం మరిచే దొర' అని ఇస్తే, ఆయన ఆ తర్వాత బెత్తం పట్టుకోవడానికే మొహమాటపడ్డారు.

నాకు మాత్రం ఏమీ లేదు. ప్రతి ఆదివారం తలకు నూనె రాసుకుని, పాపిడి తీసుకుని, ముందు బెంచీలో కూర్చునేవాణ్ని. చివరికి ఫిబ్రవరిలో నా పేరు చదివాడు. 'తప్పు పాడినా ఆపనివాడు, నెక్కొండ భాస్కర్.' రోజూ ప్రార్థనలో నా పాట వినే హాస్టల్ మొత్తం సంతకాల కోసం తోసుకుంది. ముప్పై నాలుగు పడ్డాయి. కింద ఏం రాశారో చూడకుండానే కార్డు దేవదానం దగ్గర వదిలేశాను. నాకు అవమానంతో అన్నం సయించలేదు. మూడోసారి వడ్డించుకున్నప్పుడు అసలే సయించలేదు.

ఆ ఎండాకాలం బి.ఎస్సీ. సీటుకు దరఖాస్తు పెట్టాలి. మార్కులు అంతంత మాత్రం. సీటు రాకపోతే మా నాయన నెక్కొండ స్టేషన్ దగ్గరి మిరపకాయల దుకాణంలో కూర్చోబెడతాడు. నాకు మిరప ఘాటు తగిలితే తుమ్ములు ఆగవు. దరఖాస్తులో 'పొందిన ఇతర గుర్తింపులు' అని ఒక గడి ఉంది. ఆ గడి నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

దేవదానం కాళ్లావేళ్లా పడి, కాస్త మర్యాదైన బిరుదు రాసిమ్మన్నాను. 'సర్వతోముఖ ప్రతిభాశాలి' అని మాటలు కూడా నేనే అందించాను.

"రాస్త. గని చూసినోళ్లు సంతకం పెట్టాలె గద," అన్నాడు.

ఆ కొత్త కార్డు పట్టుకుని హాస్టలంతా తిరిగాను. ఒక్కడూ పెట్టలేదు. పూలమ్మయితే జాలిపడింది. "నేను జూడనిదానికి ఏలుముద్ర ఎట్ల ఏస్త బిడ్డా? ఆకలైతె చెప్పు, పెడుత," అంది.

సుందర్ రావు గారిని అడిగితే, దోస్తులిచ్చే బిరుదులు దోస్తుల మధ్యే ఉండాలనీ, కాలేజీకి ముద్ర ఉన్న కాగితాలే కావాలనీ చెప్పారు. గడి ఖాళీగా వదిలేశాను. దేవదానం తనది ఇవ్వడానికి కాలేజీకి పోతూ, "నేను అటే పోతాన, నీది గూడ ఇటియ్యి," అని నా దరఖాస్తు పట్టుకుపోయాడు.

ఇంటర్వ్యూ రోజు ప్రిన్సిపాల్ నా ఫైలు తెరవగానే మంచులో గుడిసె బయటపడింది. "ఇదేంది, పండుగకు ఇంక ఆర్నెల్లున్నది గద," అన్నాడాయన.

"అది నాది కాదు సార్," అన్నాను.

ఆయన తిప్పి చూశాడు. "పేరు నీదే ఉన్నది."

అప్పుడు ఆ ఫిబ్రవరి కార్డులో నేను చదవకుండా వదిలేసినదంతా ఆయన పైకి చదివాడు. బిరుదు కింద, సంతకాల మధ్య, వంకర అక్షరాలతో ఒక వాక్యం ఉంది. 'భాస్కరన్న గట్టిగ తప్పు పాడుతడు గనుక నా తప్పు ఎవలకు ఇనబడది. అందుకే నేను పాడుతాన. రత్నం.'

రత్నం ఎవరని అడిగాడు. మా హాస్టల్లోని నత్తి పిల్లవాడనీ, ఎవరితోనూ మాట్లాడడనీ, ప్రార్థనలో నా పక్కనే నిలబడతాడనీ చెప్పాను. ఎందుకు నిలబడతాడో ఆ క్షణం దాకా నాకే తెలియదు. నా గొంతు నచ్చి అనుకునేవాణ్ని.

"నిజంగనే అంత ఘోరంగ పాడుతవా?"

"ముప్పై నాలుగు మంది సంతకం పెట్టిన్రు సార్."

సీటు రెండో జాబితాలో వచ్చింది. మార్కుల వల్లనో కార్డు వల్లనో నేటికీ తెలియదు. చేరిన రోజు ప్రిన్సిపాల్ కార్డు నా చేతిలో పెట్టి, "ఇది దరఖాస్తుల పెట్టేది కాదు బాబూ, ఇంట్ల పెట్టుకునేది," అన్నాడు.

దేవదానాన్ని నిలదీశాను. అడగకుండా ఎందుకు పెట్టావన్నాను.

"గడి ఖాళీగుంటే నిన్నెవ్వరు ఎరుగరనుకుంటరు గదరా. మేం ఎరుగుదుం," అన్నాడు.

అప్పుడు తట్టింది. కాలేజీలో బహుమతులు వచ్చినవాళ్లెవరికీ అతను ఒక్క కార్డూ ఇవ్వలేదు. ఇంకెక్కడా ఏదీ రానివాళ్లనే వెతికి వెతికి ఇచ్చాడు. సంతోషంతో కళ్లు చెమర్చాయి. ఆ లెక్కలో నేనూ ఉన్నానని గుర్తొచ్చి వెంటనే ఆరిపోయాయి.

ప్రిన్సిపాల్ చెప్పినట్టే కార్డు ఇంట్లో రెండువైపులా అద్దంతో పటం కట్టించి పెట్టుకున్నాను. మంచు వైపే బయటికి. వచ్చినవాళ్లు నాకు విదేశాల్లో స్నేహితులున్నారనుకుంటారు. నేను కాదనను. రత్నం వచ్చినప్పుడు మాత్రం వెనక్కి తిప్పుతాను. ఇద్దరం కలిసి ఒక పాట పాడతాం, ఇంట్లోవాళ్లు వాకిట్లోకి వెళ్లిపోతారు.