కాంతం చేతి నీళ్ళు

మా ఊళ్ళో ఇనుము సంగతి తెలియనివాళ్ళు లేరని మేం గొప్పగా చెప్పుకుంటాం. జంషెడ్‌పూర్‌లో సగంమంది దాన్ని కరిగించి బతికినవాళ్ళు, తక్కినవాళ్ళు ఆ సగానికి ఏదో ఒకటి అమ్ముకుని బతికినవాళ్ళు. అలాంటి ఊళ్ళో గ్లాసెడు తుప్పు చూసి పెద్ద పెద్ద ఇంజనీర్లు హడలిపోయారు. నష్టపోయింది మాత్రం కాంతం.

కాంతానికి అగ్రికో మార్కెట్లో ఇడ్లీకొట్టు ఉంది. ఇచ్ఛాపురం పక్క పల్లె నుంచి పెళ్ళయి ఇక్కడికొచ్చింది. మొగుడు చిన్నారావు ఆదిత్యపూర్‌లో ఓ చిన్న ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేసేవాడు. అది మూతపడ్డాక కొట్టులోనే పిండి రుబ్బుతున్నాడు. ఇద్దరి బతుకూ ఆ నాలుగు బల్లల మీదే. మనిషి వచ్చి కూర్చోగానే, ఏం కావాలో అడక్కముందే, కాంతం స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెడుతుంది. ఏమీ తినకుండా కాసేపు నీడకి కూర్చుని పోయేవాడికైనా అంతే. కుళాయి నీళ్ళే. మేమంతా బుద్ధెరిగినప్పటినుంచీ అవే తాగాం, తాగి ముసలివాళ్ళమయ్యాం కూడా.

ఓ ఆదివారం పొద్దున్న కొట్టు కిటకిటలాడుతుంటే, నీళ్ళు శుభ్రం చేసే మిషన్లు అమ్మే అభిలాష్ అనే కుర్రాడు వచ్చాడు. తెలుగువాళ్ళ పిల్లాడే గానీ నోరు విప్పితే హిందీ. బల్ల మీద రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో కాంతం కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో తన సీసాలోని మిషన్ నీళ్ళు. రెంటిలోనూ కడ్డీలున్న టెస్టర్ ముంచి స్విచ్ వేశాడు. చూస్తుండగానే కాంతం గ్లాసు గోధుమరంగుకి తిరిగి, పైన మడ్డి తేలింది. రెండోది తేటగా ఉంది.

"దేఖియే అంకుల్, యహీ పీ రహే హైఁ ఆప్ లోగ్," అన్నాడు కుర్రాడు, మేమంతా తాగుతున్నది ఇదేనని చూపిస్తూ, ఎవరో పోయినంత దిగులుగా.

నేను రిటైరయ్యేదాకా ప్లాంటు లేబొరేటరీలో పనిచేసినవాణ్ణి. ఇనపకడ్డీని నీళ్ళలో ముంచి కరెంటు పారిస్తే కడ్డీ తుప్పు వదులుతుంది. ఆ రంగు కడ్డీది, నీళ్ళది కాదు. మిషన్ నీళ్ళలో లవణాలు తీసేస్తారు కాబట్టి వాటిలో కరెంటు సరిగా పారదు, అందుకని అవి తేటగా ఉంటాయి. ఇది హైస్కూలు పాఠం. ఆ మాటే గట్టిగా చెప్పాను. ఒక్కడు వింటేగా! అందరూ ఫోన్లెత్తి ఆ గ్లాసుని వీడియో తీస్తున్నారు.

అందరికంటే ముందు గ్లాసుని వేలితో అవతలికి నెట్టినవారు వీరరాఘవులుగారు. సోనారిలో ఇల్లు, బ్లాస్ట్ ఫర్నేస్‌లో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగా ద్రవ ఇనుము రంగు చూసి వేడెంతో చెప్పేవారట. ఇప్పుడు రాత్రి నిద్ర పట్టిందో లేదో చేతి వాచీని అడిగి చెబుతారు.

"ఏం కాంతం, ఇన్నాళ్ళూ మాకు పోసింది ఇదా?" అన్నారు.

కాంతం దొంగసొమ్ముతో దొరికినదానిలా నిలబడిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇప్పటి వ్యాపారం ముందు రోగం అమ్మి, తరవాత మందు అమ్ముతుంది. కాళ్ళు నొప్పెడుతున్నాయంటే నమ్మని మనిషి, ఎంత నడిచావో ఫోను చెబితే నమ్ముతాడు. నాలుకకి ఏం తెలుసు, కంటికి ఏం తెలుసు, చదివిన చదువుకి ఏం తెలుసు? దీపం వెలిగే పెట్టె చెప్పాలి. ఆ పెట్టెకి వాయిదాలు కడుతూ మనం తెలివైన కొనుగోలుదారులమని మురిసిపోవాలి.

మధ్యాహ్నానికి ఆ వీడియో తెలుగువాళ్ళ ఫోన్లన్నిటికీ చేరింది. వారం తిరిగేసరికి రెండు బల్లలు ఖాళీ. మిగిలిన పిండి పులిసి పారబోయవలసి వచ్చింది. మిషన్ కొనేద్దామని చిన్నారావు పోరు.

"ఏటి సెయ్యమంతారు బాబూ? అది కొంతే, మంచినీల్లని నానే మురుగునీల్లని ఒప్పుకున్నట్టు అవదా?" అని కాంతం నన్నడిగింది.

"కాస్త ఆగు," అన్నాను.

తరవాతి ఆదివారం అభిలాష్ ఆర్డరు కోసం మళ్ళీ వచ్చాడు. అందరి ఎదటా అతని మిషన్ నీళ్ళలోనే చిటికెడు ఉప్పు వేసి, అతని టెస్టరే ముంచాను. నీళ్ళు కాంతం గ్లాసుకంటే అసహ్యంగా తయారయ్యాయి. కుర్రాడి మొహం పాలిపోయింది. నేను విజయగర్వంతో అందరివైపూ చూశాను.

వీరరాఘవులుగారు గ్లాసుని తేరిపార చూసి, "అంటే ఉప్పులో కూడా కల్తీయే అన్నమాట!" అన్నారు.

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. మర్నాటినుంచి ఆయన ఇంట్లో సైంధవ లవణం వాడుతున్నారని విన్నాను. ఇలాంటివాళ్ళతో కలిసి ఇన్నేళ్ళు ఉద్యోగం చేసినందుకు సిగ్గేసింది.

కాంతం మిషన్ కొనలేదు. గ్లాసులు లోపల పెట్టేసింది. 'ఎవరి నీళ్ళు వారే తెచ్చుకోవలెను' అని చిన్నారావు చేత అట్ట మీద రాయించి వేలాడదీసింది. అంతే, సీసాలు చంకన పెట్టుకుని మహానుభావులందరూ తిరిగొచ్చారు. పప్పు నానింది ఆ కుళాయి నీళ్ళలోనే. చట్నీ రుబ్బింది ఆ నీళ్ళతోనే. సాంబారులో ముప్పాతిక ఆ నీళ్ళే. అవన్నీ లొట్టలేసుకుంటూ తిని, పైన సీసా ఎత్తి రెండు గుక్కలు ఆరోగ్యం తాగేవారు. బేరాలు మునుపటిలాగే సాగాయి గానీ కాంతం మొహంలో కళ లేదు.

"వచ్చినోడికి నీల్లియ్యకుండా ఏటి తింతావని అడుగుతన్నాను బాబూ. మాయమ్మ సూత్తే మొకాన ఉమ్మీసీది," అంది నాతో.

మే నెల ఎండల్లో ఓ రోజు ఒక ఆటోడ్రైవరు తూలుతూ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. బిహారీ మనిషి, తెలుగు అట్ట చదవలేడు. "భాభీ, పానీ," అన్నాడు. కాంతం ఒక్క క్షణం తటపటాయించి, లోపలినుంచి గ్లాసు తీసి కుళాయి కింద నింపి ఇచ్చింది.

పక్కబల్ల దగ్గర సాంబారిడ్లీ తింటున్న వీరరాఘవులుగారు చెయ్యెత్తి అరిచారు.

"అరే భాయ్, మత్ పియో! జహర్ హై యే!"

పెదాల దాకా వచ్చిన గ్లాసు అక్కడే ఆగిపోయింది. డ్రైవరు కాంతం మొహంలోకి చూశాడు.

కాంతం వచ్చి వీరరాఘవులుగారి ముందున్న ప్లేటు తీసేసింది. ఇంకా ఒకటిన్నర ఇడ్లీ ఉంది.

"లెగండి బాబూ."

"ఇదేంటమ్మా? అతని మంచికే చెప్పాను."

"దాహంతో వచ్చినోడు నా సేతి నీల్లు తాగతంటే, నా కొట్టులో కూకుని ఇసమన్నారు. మీకు నానింక వడ్డించనేను. డబ్బులొద్దు, ఎల్లండి."

ఆయన సీసా తీసుకుని వెళ్ళిపోయారు. డ్రైవరు గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగాడు.

అతనికి మళ్ళీ పోసి, కాంతం లోపలికెళ్ళింది. గ్లాసులన్నీ కడిగి నింపి, ఒక్కొక్కటే తెచ్చి అన్ని బల్లల మీదా, తింటున్న ప్రతి మనిషి ముందూ పెట్టింది.

"ఇక్కడ తింతే ఈ నీల్లే తాగాల. ఒద్దన్నోలు ఇప్పుడే సెప్పీండి."

వద్దని చెప్పే ధైర్యం ఒక్కరికీ లేదు. చేతులు కడుక్కుని, బల్ల మీద డబ్బులు పెట్టి, సీసాలు తీసుకుని ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. డ్రైవరూ నేనూ మిగిలాం. నా గ్లాసు ఖాళీ చేసి ఆమె ముందు పెట్టాను. కాంతం కళ్ళు తుడుచుకుంది. గ్రైండరు ఆపి బిత్తరపోయి చూస్తున్న మొగుడివైపు తిరిగింది.

"రేపటికి పప్పు సగమే నానబెట్టు," అంది.