దాచుకున్న బీటెక్

పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. మూడేళ్లలో చేతికి పని వచ్చింది. మోటారు విప్పి మళ్లీ బిగించగలను. ప్యానెల్ బోర్డులో తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోగలను. అక్కడితో ఆగి ఉంటే ఈపాటికి నా బతుకేదో నేను బతికేదాన్ని. ఆగనిస్తే కదా. పినపాకలో మా చర్చికి వచ్చే ప్రతి ఒక్కరికీ నా చదువు మీద ఒక అభిప్రాయం ఉండేది. హాస్టల్లో వంట చేసే మా అమ్మకు మాత్రం సొంత అభిప్రాయం లేదు, అందుకని అందరివీ మోసుకొచ్చి నాకు వడ్డించేది.

"డిప్లొమా అంటే సగం ఇంజినీరేనంట బిడ్డా. పాస్టరయ్య చెప్పిండు. ఇంకో మూడేండ్లు చదివితే పూర్తి ఇంజినీరు అయితవ్" అంది.

సరేనని ఖమ్మంలో బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరాను. డిప్లొమాలో చేతులతో చేసిన పనినే మూడేళ్ల పాటు బోర్డు మీద బొమ్మలుగా చూశాను. పట్టా పట్టుకుని హైదరాబాద్ వెళితే అక్కడ దాన్ని చూసినవాడే లేడు. సర్టిఫికేషన్ ఏం చేశావన్నారు. ఆరు నెలలు కిరాయి గదిలో ఉండి ఒక కంప్యూటర్ కోర్సు చేశాను. ఆ సర్టిఫికెట్ చూపిస్తే ఎక్స్‌పీరియన్స్ ఏదన్నారు. ఏ ఆఫీసుకు వెళ్లినా నా దగ్గర లేని కాగితమే వాళ్లకు కావాలి. ఒళ్లు మండి ఇంటికి వచ్చేశాను.

అప్పుడు పడింది మా వైపు ఒక ఫ్యాక్టరీలో నోటిఫికేషన్. ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని, పర్మనెంటు ఉద్యోగం, ఇంటి నుంచి బస్సులో వెళ్లి రావచ్చు. అర్హత డిప్లొమా. దాని కింద ఇంకో లైను ఉంది. అంతకన్నా పెద్ద చదువు ఉన్నవాళ్లు దరఖాస్తు చేయకూడదట. బీటెక్ వాళ్లు చేరిన ఏడాదికే మానేసి పోతున్నారని ఆ లైను పెట్టారట. నేను మానను మొర్రో అని రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు. పూర్తి ఇంజినీరు అయినందుకు నాకు దక్కిన గౌరవం అది.

బీటెక్ దాచేసి డిప్లొమా అని రాశాను. రాత పరీక్షలో పాసయ్యాను. ఇక మిగిలింది కాగితాల పరిశీలన. అమ్మకు ఒక్కటే మాట చెప్పాను.

"బీటెక్ సంగతి ఎవ్వరికీ చెప్పకమ్మా."

"నేనెందుకు చెప్తనే" అంది.

మా ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చెప్పుకునే సమయం ఒకటి ఉంటుంది. ఒక్కొక్కరూ లేచి తమ అవసరం చెబితే సంఘమంతా దాని కోసం ప్రార్థిస్తుంది. బయట ఎన్ని దాచినా అక్కడ మాత్రం ఎవరూ ఏమీ దాచరు. దాస్తే ప్రార్థన ఫలించదని నమ్మకం. ఆ ఆదివారం అమ్మ కొంగు తల మీదికి సర్దుకుని లేచి మైకు అందుకుంది.

"నా బిడ్డ కంపెనీ పరీక్ష పాసయింది, దేవునికి స్తోత్రం. బీటెక్ చదివింది గానీ డిప్లొమానే అని రాసింది. ఆ అబద్ధం ప్రభువు క్షమించి, ఆ ఉద్యోగం ఇప్పియ్యాలని అందరు ప్రార్థన చేయుండ్రి."

అందరూ కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థించారు. నేను మూయలేదు. ముందు వరుసలో కూర్చున్న సంఘ పెద్ద వీపు వైపే చూస్తూ ఉండిపోయాను. ఆయన ఆ ఫ్యాక్టరీ ఆఫీసులో క్లర్కు. మా కాగితాలు చూడబోయేది ఆయనే.

ఇంటికి రాగానే అమ్మ మీద అరిచాను.

"దేవుని ముందల ఎట్ల దాస్తనే? ఆయనకు ఎరుక కాదా?" అంది.

"ఎరుకైతే మళ్ల మైకుల చెప్పుడెందుకు?"

ఆమె అన్నం పెట్టింది. నేను తినలేదు.

పరిశీలన రోజు ఆ పెద్దాయన నా కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. బీటెక్ మాట ఎత్తలేదు. చివరికి ఒక పత్రం నా ముందుకు జరిపాడు. నాకు డిప్లొమాకు మించిన చదువు లేదని అందులో ఉంది.

"చదివి సంతకం పెట్టు బిడ్డా" అన్నాడు. "రేపు బయటపడితే నీ ఒక్కదాని నౌకరే కాదు, తెలిసి సంతకం పెట్టిచ్చినోని నౌకరి గూడ పోతది" అన్నాడు.

ఆయన బెదిరించి ఉంటే మొండికేసి పెట్టేసేదాన్ని. ఆయన గొంతులో భయమే ఉంది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. పెన్ను అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను.

అమ్మ మీద కోపం ఎప్పుడో పోయిందని అడిగిన వాళ్లకల్లా చెబుతుంటాను. పోలేదు. ఆ ఆదివారం ఆమె కూర్చున్న చోటే కూర్చుని ఉంటే ఆయనకు ఏమీ తెలిసేది కాదు, నేను నిశ్చింతగా సంతకం పెట్టేదాన్ని. అబద్ధానికి నేను సిద్ధపడ్డాను. ఆమె సిద్ధపడలేకపోయింది. ఇద్దరిలో తప్పెవరిదో చెప్పమంటే ఇప్పటికీ ఆమె పేరే నా నోటికి వస్తుంది. అలా వచ్చినందుకు నా మీద నాకే చిరాకు.

రెండు నెలలు పోయాక అదే ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టరు కింద వైరింగ్ హెల్పర్లు కావాలంటే వెళ్లాను. ఫారం నింపుతూ చదువు అన్న గడి దగ్గర ఆగాను.

"ఇక్కడ ఏం రాయాలన్నా?" అని అక్కడున్న సూపర్‌వైజరును అడిగాను.

"పది అని రాయి చెల్లె, చాలు. ఎక్కువ రాస్తే హెల్పర్ పనికి ఎందుకొచ్చినవని అడుగుతరు."

పదో తరగతి అని రాసి సంతకం పెట్టాను. ఈసారి చెయ్యి ఆగలేదు. మర్నాటి నుంచే పనిలోకి రమ్మన్నారు. ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"చదువు ఏమని రాసినవ్ బిడ్డా? ఈసారన్న నిజం రాసినవా?"

"అవ్, బీటెక్ అనే రాసిన" అన్నాను.

ఆమె చాలా సంతోషపడింది.