మేకుకు అవతలి చెయ్యి

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఏడిపించడంలో మా ఇంట్లో నన్ను మించినవాడు లేడు. ఇల్లందులో తలుపులు, కిటికీలు చేసుకునే వడ్రంగిని. రాత్రిపూట చెక్క చప్పుడు చేస్తే, పగటి వేడి చల్లారుతోందని చెప్పి ముసుగుతన్ని పడుకునే రకం. ఇప్పుడు ఇది రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది.

మా అక్కది పర్ణశాల దగ్గర గోదావరి ఒడ్డు. గట్టి వానలు పడితే వాళ్ల రోడ్డు మునుగుతుంది. అప్పుడు దవాఖానాకు పోవాలంటే బావ పడవే దిక్కు. ఒకప్పుడు తెరచాపతో నడిచిన పాత చెక్క పడవ. ఇప్పుడు ఇంజను పెట్టారు గాని తెరచాప కర్ర అట్లాగే ఉంది. లోపలి చెక్క చాలాచోట్ల పుచ్చిపోయింది. అక్కకు ఏడో నెల. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు నిలిచిన కడుపు, కాన్పేమో వానల్లోనే. అందుకే పడవ బాగుచేయాలని నన్ను పిలిపించారు.

పడవను ఇంటి ముందర దుంగల మీదికి ఎక్కించాం. పుచ్చిన బద్దలు తీసి కొత్తవి బిగించడం ఇద్దరి పని. నేను లోపల కూర్చుని మేకు కొడతాను. బయట బావ ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటే, మేకు మొన దానికి తగిలి వంగి చెక్కను కరుచుకుంటుంది. సిద్ధమైతే ఆయన బయటనుంచి రెండుసార్లు తడతాడు. అప్పుడు నేను కొట్టాలి. లోపల కూర్చుంటే బయటి మనిషి కనపడడు.

ఆ రోజు పొద్దున చాయ్ తాగి మొదలుపెట్టాం. టక్ టక్, దెబ్బ. టక్ టక్, దెబ్బ. పని జోరుగా సాగింది. బావ బద్ధకం మీద నేను జోకులు వేస్తూనే ఉన్నా. ఆయన పలకలేదు. మూతి ముడుచుకున్నాడనుకున్నా.

తెరచాప కర్ర మొదట్లోకి వచ్చేసరికి ఆ చప్పుడు ఆగింది. కొత్త బద్దను బిగించాల్సిన అక్కడి పాత చెక్కను ముందే ఉలితో పొడిచి చూశాను, గట్టిగానే ఉంది. కాసేపు చూసి కొట్టేశాను. దిగిన మేకు నా కళ్ల ముందే మెల్లగా వెనక్కి వచ్చింది, అవతలనుంచి ఎవరో నెట్టినట్టు. మళ్లీ కొట్టాను. మళ్లీ వచ్చింది. ఏందీ పరాచికాలని బావను కసిరాను.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. చేసింది బావే.

"బామ్మర్దీ, ఇంజను సామాను కోసం భద్రాచలం వచ్చిన. బండి దొరికితే నీకు చెప్పకుండనే ఎక్కిన. ఏమనుకోకు."

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. ఆ మేకుకు జానెడు కింద, బయటనుంచి టక్ టక్ వినపడింది.

బయటికి దూకాను. ఎవరూ లేరు. ఎదురుగా అరుగు మీద అక్క కందిపప్పు ఏరుతోంది. బావ ఎప్పుడు పోయాడని అడిగితే, చాయ్ తాగిన కాసేపటికే అంది. ఇనుప దిమ్మ ఆమె పక్కనే ఉంది. పోతూ పోతూ అక్కడ పెట్టాడట.

"ఎవలూ రాలే తమ్మీ. నువ్వొక్కనివే మాట్లాడుకుంట కొడుతున్నవ్. ఎండ దెబ్బ తగిలిందేమో అనుకున్న."

బయటివైపు చూశాను. అంతకుముందు కొట్టిన మేకులన్నీ చక్కగా వంగి చెక్కను కరుచుకుని ఉన్నాయి.

మళ్లీ లోపలికి దిగాలనిపించలేదు. కానీ అది అక్క ఎక్కే పడవ. చప్పుడు వచ్చిన చోట ఉలి పెట్టి కొట్టాను. పైన గడ్డకట్టిన తారు పగలగానే ఉలి పిడి దాకా దిగిపోయింది. లోపలంతా తడి పొట్టు. ఆ రోజే ఆ చెక్క మొత్తం పీకి కొత్తది వేశాను.

కాన్పు దగ్గరపడిందని నేను మళ్లీ అక్క దగ్గరికి వెళ్లాను. వానల్లో రోడ్డు మునిగిన రోజే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. పడవలో దవాఖానాకు పోతుంటే నడి గోదావరిలో, వరదకు కొట్టుకొచ్చిన మాను ఒకటి సరిగ్గా తెరచాప కర్ర దగ్గరే గుద్దింది. పడవంతా అదిరింది. అక్క నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. కొత్త చెక్క పగల్లేదు.

మేనకోడలు ఇప్పుడు పాకుతోంది. పుచ్చిన చెక్కలో మేకు నిలవదని, అందుకే వెనక్కి వచ్చిందని నాకు నేనే సర్దిచెప్పుకోవచ్చు. మరి దిమ్మ లేకుండా మిగతా మేకులు ఎలా వంగాయి? నాకు తెలియదు.

ఇల్లందులో ఒక్కడినే పని చేసుకునేటప్పుడు కూడా, మేకు పెట్టి, కొట్టే ముందు కాసేపు ఆగుతున్నా.