సీతాఫలాల దొంగ మా నాయనమ్మ

మా చిన్నప్పుడు... ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు నిండి అలుగు దూకుతుంటే ఆ చప్పుడు మా వాకిట్లోకి వినిపించేది. పొద్దున్నే నాయనమ్మ కొడవలి, గంప తీసుకుని గడ్డికి బయలుదేరేది. ఆమె కొంగు పట్టుకుని నేను, నా వెనక కాసింబీ...

కట్ట మీద నడక, అలుగు దగ్గర మోకాలి లోతు నీళ్లు, అవతల ఈత చెట్లు, తర్వాత గుట్ట. దారంతా నాయనమ్మ ఏదో ఒకటి చూపిస్తూనే ఉండేది. బుడుబుంగ పిట్ట ఇక్కడ మునిగి ఎక్కడ తేలుతుందో చూడమనేది. తంగేడు పూసిన చోట ఆగమనేది. మేం ఆగేవాళ్లం కాదు. మా ధ్యాసంతా సీతాఫలాల మీదే.

గుట్ట మీద రెండు పెద్ద గుండ్ల నడుమ మనిషి దూరేంత సందు ఉండేది. లోపల గది లాగా చల్లగా ఉండేది. కన్ను విచ్చిన కాయలు తెంపి, అక్కడ గడ్డి పరిచి మాగబెట్టేవాళ్లం. ఆ చోటు నాయనమ్మే మాకు చూపించింది. నేను తిని గింజలు ఎటు పడితే అటు ఊసేదాన్ని. కాసింబీ మాత్రం ఒక్కొక్కటీ మోదుగాకులో పోగేసేది. వాళ్లమ్మ హుసేన్‌బీ వాటిని నూరి పేలు పోవడానికి తలకు పెట్టేది మరి...

కాసింబీ వాళ్ల నాన్న ఎడ్ల గిట్టలకు నాడాలు కొట్టేవాడు. ఆయన పోయాక తల్లీబిడ్డా ఇద్దరే మా ఇంటి వెనక ఉండేవాళ్లు.

నలభై ఎనిమిదిలో పోలీసు చర్య జరిగింది. అంతకుముందు రజాకార్లంటే ఊరు ఊరంతా వణికింది. మిలటరీ వచ్చాక వాళ్లు మాయమయ్యారు. వాళ్ల మీది కోపం మాత్రం ఏ పాపమూ ఎరుగని తురకల ఇళ్ల మీదికి మళ్లింది. కట్టెలు పట్టుకుని మనుషులు గుంపులుగా తిరగడం నేను చూశాను. ఒకరోజు లేచేసరికి కాసింబీ ఇంటికి తాళం ఉంది.

"వాళ్ల మేనత్త ఊరికి పోయిన్రు" అంది నాయనమ్మ. "నువ్వు గుట్ట దిక్కు పోకు. పాము తిరుగుతున్నది."

రెండు రోజులు ఓపిక పట్టాను. మూడో రోజు నా వల్ల కాలేదు. పండ్లు మురిగిపోతాయని నా బాధ నాది... ఒక్కదాన్నే వెళ్లాను. సందులో తల పెట్టి చూస్తే ఒక్క పండూ లేదు. గడ్డి మీద తొక్కలు, పక్కన మోదుగాకులో గింజల కుప్ప. నాకు ఒళ్లు మండిపోయింది. లోపలి చీకట్లోకి కూడా చూడకుండా గుట్ట దిగి అలుగు దాకా ఏడుస్తూ పరుగెత్తాను.

అక్కడ నలుగురైదుగురు కట్టెలతో నిలబడి ఉన్నారు. మా ఊరివాళ్లే.

"ఎందుకేడుస్తున్నవే?"

"గుండ్ల సందుల నా పండ్లన్నీ ఎవరో తిన్నరు."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎవరో దాక్కున్నట్టున్నరు. పాండ్రి, సూద్దాం" అన్నాడు ఒకడు.

అప్పుడు గుర్తుకొచ్చింది నాకు, మోదుగాకులో గింజలు... అట్లా పోగేసేది లోకంలో ఒక్కతే. నా నోటితో నేనే చూపించేశాను కదా.

గట్టు కింద గడ్డి కోస్తున్న నాయనమ్మ అన్నీ విన్నట్టుంది. కొడవలి చేతిలో పట్టుకునే పైకొచ్చి నా వీపు మీద ఒక్కటిచ్చింది.

"పండ్ల కోసం ఊరంత లేపుతవా? నేనే తిన్న."

"నువ్వు తిన్నవా పెద్దమ్మా?"

"అవ్, తిన్న. ఆకలికి ఆగలేకపోయిన. ఇంట్ల కోడలు కడుపునిండ పెడ్తలేదు. కావాలంటే పోయి సూసుకోండ్రి... జర పైలం, పొద్దుగాల నేను కదిలిస్తే తేనెటీగలు లేసినయి, గుండ్ల మీదనే తిరుగుతున్నయి."

వాళ్లు పగలబడి నవ్వారు. మనవరాలి నోటికాడి పండ్లు దొంగిలించిన ముసలమ్మా అంటూ, నవ్వుకుంటూనే ఊరి దారి పట్టారు.

వాళ్లు కనుమరుగయ్యాక నాయనమ్మ కట్ట మీద కూలబడింది. "వాళ్లూ ఇదే ఊర్ల ఉండాలె, హుసేన్‌బీ ఇదే ఊర్ల ఉండాలె. ఎన్నడూ నోరు తెరువకు బిడ్డా" అంది. అప్పుడు తెలిసింది, ఆ మూడు రోజులూ గడ్డి గంప అడుగున ఆమె దాచి తీసుకెళ్లిన రొట్టెలు ఎక్కడికి పోతున్నాయో.

ఊరు సద్దుమణిగాక తల్లీబిడ్డా ఇంటికొచ్చారు. "నీ పండ్లు తిన్ననని కోపమా?" అని అడిగింది కాసింబీ. నేను ఏడ్చాను.

నాయనమ్మకు మాత్రం 'పండ్ల దొంగ' అనే పేరు పడిపోయింది. ఆమె పక్కనుంచి పోతే పిల్లలు కూడా పండ్లు దాచుకుని ఆటపట్టించేవాళ్లు. అన్నం పెట్టడం లేదని నలుగురిలో చెప్పిందని మా అమ్మ ఎన్నేళ్లయినా దెప్పుతూనే ఉండేది. నాయనమ్మ తల వంచుకుని తినేసి లేచేది.

ఆమె పోయిన రోజు హుసేన్‌బీ వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పింది. అమ్మ ఆ కాళ్ల మీద పడి ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది...

ఇప్పుడు ఆ గుట్ట చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతారు. మా కాలిదారి ఎక్కడుందో నాకే దొరకలేదు. సీతాఫలాలు సాగర్ రోడ్డు పక్కన గంపల్లో దొరుకుతాయి. ఏటా మొదటి పండు తిన్నాక గింజలు ఊసెయ్యలేను, ఒక ఆకులో పోగేస్తాను. ఈ ముక్కలు నా మనవరాలు ఫోన్లో కొడుతోంది, తనకు కూడా ఇవాళే చెప్పాను.

మా నాయనమ్మ దొంగ కాదు. ఊళ్లో ఆ మాట చెప్పడానికి అప్పటివాళ్లు ఎవరూ మిగల్లేదు, అందుకే మీకు చెబుతున్నాను. మీ ఇంట్లోనూ ఎవరి కోసమో నింద మోసిన మనిషి ఉండే ఉంటారు... వాళ్ల గురించి ఇక్కడ రాయండి, చదివించుకుంటాను.